గుర్వయ్య కడిగిన రాయి

నేను పంతులుగా ఉన్న ఊరు కోస్గికి నాలుగు మైళ్లు. అక్కడ గొర్రెలు కాసే గుర్వయ్యతో నేను పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు. మంచివాడే. చెప్పిన మాట తు.చ. తప్పకుండా చేస్తాడు. అదే నా ప్రాణం మీదికి తెచ్చింది.

1961 వేసవి చివర ఒక తెల్లవారుజామున ఆకాశం నుంచి మండుతూ వచ్చి, అతని మంద పక్కన ఒక రాయి పడింది. తలకాయంత ఉంది, బొగ్గులా నల్లగా. అది పడుతుంటే చూసింది అతనొక్కడే.

"రాత్రి తాగిన కల్లు ఇంక దిగలేదా బావా? ఇటుక బట్టీల రాయి తెచ్చి సుక్క అంటున్నవు" అని బావమరిది లచ్చయ్య నలుగురిలో నవ్వాడు. భార్య గోపమ్మ కూడా తమ్ముడి మాటే నమ్మింది. పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడని గుర్వయ్యకు తిండి సయించలేదు.

అతని బాధ చూడలేక, రాయిని చేతుల్లోకి తీసుకుని పరికించి, పట్నంలో చుక్కల సంగతి తెలిసిన ఒక పెద్దమనిషికి ఉత్తరం రాశాను. జవాబొచ్చింది. అంగారకుడికి అవతల, గురుగ్రహం దాపుల్లో, వెలుగు పడినా నల్లగానే ఉండే గ్రహశకలాలు తిరుగుతుంటాయట. ఇది వాటి ముక్క కావచ్చట. తానే వచ్చి చూసి, నిజమైతే ఊరి ముందే చెబుతానన్నాడు. అలాంటి రాయి నీళ్లలో మట్టిగడ్డలా కరిగిపోతుందని, తడి తగలనివ్వొద్దని గీత గీసి మరీ రాశాడు.

"గుర్వయ్యా, వానల తడవనియ్యకు" అని పదిసార్లు చెప్పాను.

తడవనివ్వలేదు. వానలు మూడు వారాలు దంచికొట్టాయి. తన గొంగడి రాయికి కప్పి, తను తడిసి జ్వరం తెచ్చుకున్నాడు.

పెద్దమనిషి బస్సు దిగాడు. ఊరంతా వెంట నడిచింది. మంద దగ్గర గొంగడి ఉంది, రాయి లేదు. గుర్వయ్య వాగు వైపు నుంచి వస్తున్నాడు. మోచేతుల దాకా నలుపు.

"రాయేదయ్యా?"

"కరిగి వాగుల పోయింది సారూ. దానికి గొర్ల పెంటికలంటినయి, పెద్దసారుకు గట్లనే ఇస్తమా? గొర్రె ఉన్నైనా పొట్టేలైనా కడిగినంకనే గద ఒకల చేతుల పెడ్తం!"

"తడవనియ్యొద్దని చెప్పిన గదయ్యా!"

"వానల తడవొద్దన్నరు. కడగొద్దన్నరా?"

నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దమనిషి ఆ చేతులను తిప్పి తిప్పి చూశాడు. "రాయి లేకుండా నేనేం చెప్పను?" అని తిరుగు బస్సెక్కాడు.

లచ్చయ్య పగలబడి నవ్వాడు. గుర్వయ్య తల దించుకున్నాడు. అది చూసి తట్టుకోలేకపోయాను. "ఆ రాయిని నా చేతులతోని పట్టుకున్న. గుర్వయ్య చెప్పింది నిజం!" అని అరిచాను.

"మీరెప్పటి సంది తాగుతున్నరు సారూ?" అన్నాడు లచ్చయ్య. ఊరంతా గొల్లుమంది.

గుర్వయ్య వచ్చి తన నల్లటి చేతిని నా తెల్లచొక్కా మీద వేశాడు.

"ఫికర్ జెయ్యకుండ్రి సారూ. మీ మాట నేను నమ్ముత."