మూడో నోడు ఖాళీ

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో నన్ను మెదక్ పట్టణంలోని డేటా కేంద్రానికి ఇన్‌చార్జిగా వేశారు. ఒక ప్రైవేటు దవాఖానాల సంస్థ రోగుల రికార్డులు అక్కడుండేవి. నాకు ఇంజనీరింగు పట్టా లేదు. మాన్యువళ్లు ముందేసుకుని నేర్చుకున్న పని. ఈ సంగతి పైవాళ్లు చాలాసార్లు గుర్తుచేశారు. ఎవరెవరు గుర్తుచేశారో నేనూ మరిచిపోలేదు.

ఐదు యంత్రాలు కలిసి ఒకే డేటాబేసుగా పనిచేసేవి. ఒక్కొక్కదాన్ని నోడు అంటాం. ప్రతి రికార్డుకూ మూడు నకళ్లు, మూడు వేర్వేరు నోడ్లలో ఉంటాయి. ఒక నోడును తీసేయాలంటే దానిలోని డేటాను ముందు మిగతావాటికి పంపాలి, చేరిందని సరిచూడాలి, ఆ తర్వాతే తుడవాలి.

ఆ నెలలోనే రెండో నోడు డిస్కు పాడై ఆగిపోయింది. మూడోది కూడా నేడో రేపో అన్నట్టుంది. కొత్త డిస్కు మనోహరాబాద్ స్టేషనుకు వచ్చిందంటే తేవడానికి నేనే బయలుదేరాను. పోతూ పోతూ డ్యూటీ రిజిస్టరులో రాశాను: "మూడో నోడు ఈ రోజు ఖాళీ చేయాలి."

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఆపరేటరు సుజాత నవ్వుతూ ఎదురొచ్చింది. చేరి నెల కాలేదు. ఇంటికి ఆమె జీతమే ఆధారం.

"ఖాళీ చేసిన సార్. ఐదు నిమిషాలల్ల అయిపోయింది."

గంటలు పట్టే పని ఐదు నిమిషాల్లో ఎట్లా అవుతుంది? తెర చూశాను. డేటాను ఎక్కడికీ పంపలేదు, తుడిచేసింది.

"బిందె ఖాళీ చెయ్యమంటే నీళ్లు పారబోస్తం గద సార్?"

"ఇల్లు ఖాళీ చెయ్యమంటే సామాను పారబోస్తరామ్మా?"

ఆమె ముఖం పాలిపోయింది. "గట్లైతే గట్లనే రాయాల్సుండె సార్" అంది మెల్లగా.

కోపం వచ్చింది. రిజిస్టరు తీసి నేను రాసిన వాక్యం మళ్లీ చదివాను.

రెండోదీ మూడోదీ పోవడంతో కొన్ని రికార్డులకు ఇక మిగిలింది నాలుగో నోడులోని ఒక్క నకలే. అదీ పాత యంత్రమే. కొత్త డిస్కు రెండోదానికి బిగించి, నాలుగోదాని నుంచి కాపీ మొదలుపెట్టాను. వేగం కావాలనే తగ్గించాను. తొందరపెడితే ఆ డిస్కూ పోవచ్చు. కూర్చోలేక తెరకూ తలుపుకూ మధ్య తిరిగాను. సుజాత అన్నం డబ్బా మూత తీయలేదు.

జరిగింది తెలిసి హైదరాబాద్ మేనేజరు ఫోన్ మీద ఫోన్. నా వయసులో సగం ఉంటాడు.

"జల్ది కానియ్యుండ్రి. ఆమెను రేపటి నుంచి రావద్దనుండ్రి. అసలు మీరు ఏ కాలేజీల చదివిండ్రు?"

"ఏ కాలేజీల చదవలే సార్. రిజిస్టర్ల రాసింది నేను. మెమో నా పేరు మీద పంపుండ్రి."

వేగం మాత్రం పెంచలేదు.

సాయంత్రం చర్చి గంట కొట్టే వేళకు కాపీ ముగిసింది. నాలుగోదాని లెక్కా రెండోదాని లెక్కా సరిపోలాయి. సుజాత ఉద్యోగం నిలిచింది. మెమో నాకొచ్చింది, "తగిన విద్యార్హత లేని ఇన్‌చార్జి" అన్న మాటతో సహా. ఆ విద్యార్హత ఉన్న మేనేజరుకు రెండు ఖాళీల మధ్య తేడా ఏమిటో జవాబులో ఒక పేజీ నిండా రాసి చెప్పాల్సివచ్చింది.

ఆదేశం రాసినవాడికి అర్థమైతే చాలదు. చదివేవారికి రెండో అర్థం దొరకకూడదు. మరునాడే రిజిస్టరులో ఖాళీ అన్న మాట మానేసి మూడు గడులు గీశాను: ఏ నోడు నుంచి, ఏ నోడుకు, చేరిందని చూసిందెవరు. మూడో గడిలో సంతకం పడందే తుడవడానికి వీల్లేదు. ఆ వారంలోనే, రెండో గడి నింపలేదని నా ఆదేశాన్ని సుజాత వెనక్కి పంపింది.