కట్టయ్య వీపు, ప్రేమలత సూది

డాక్టర్ ప్రేమలత చేసే పనేమిటో ఆమె అత్తగారికి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఎవరైనా అడిగితే, తన కోడలు మనుషులను పండబెడుతుందని చెబుతుంది. ఆపరేషన్ బల్ల మీదున్నవాళ్లు మత్తులోకి జారేముందు ప్రేమలత ముఖం చూస్తారు, లేచాక మరిచిపోతారు. మిఠాయి డబ్బా సర్జన్ గదికి పోతుంది. దానికి ఆమె బాధపడదు గానీ, డాక్టరంటే దేవుడనే మాట వింటే మాత్రం విసుక్కుంటుంది. దేవుడికైతే ఎదుటివాడు ఒప్పుకోవాల్సిన పని లేదు. ఆమెకు రోజూ ఒప్పించడమే పని.

మత్తు ఇవ్వడం ఆమె ఉద్యోగంలో సగం. మిగతా సగం ఐసీయూలో, ఊపిరి ఆడనివాళ్ల దగ్గరా నొప్పితో ఉన్నవాళ్ల దగ్గరా. మిర్చి సీజన్ మంచి ఊపు మీదున్నప్పుడు అక్కడికి కట్టయ్య వచ్చాడు. వరంగల్ మిర్చి యార్డులో హమాలీ. బస్తా మోసుకుంటూ లారీకి వేసిన చెక్క మీంచి జారి, అంచుకు తగిలి కుడివైపు పక్కటెముకలు విరిగాయి.

పక్కటెముకలకు కట్టు కట్టరు, అవే అతుక్కుంటాయి. ప్రమాదం వేరే చోట ఉంటుంది. గట్టిగా ఊపిరి పీలిస్తే నొప్పి, దగ్గితే ఇంకా నొప్పి. అందుకని మనిషి పైపైన ఊపిరి తీస్తూ దగ్గు ఆపుకుంటాడు. కఫం లోపలే పేరుకుంటుంది. అది ముదిరితే గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టాలి. ఇన్నేళ్లు బీడీ పొగా మిరప ఘాటూ పీల్చిన ఊపిరితిత్తులు దాని మీంచి మళ్లీ వెనక్కి వస్తాయన్న నమ్మకం లేదు. యార్డులో దగ్గని మనిషే ఉండడు. అక్కణ్నుంచి వచ్చిన కట్టయ్యను ఇక్కడ అందరూ దగ్గమని బతిమాలుతున్నారు.

మామూలు నొప్పి మందులు చాలలేదు. బలమైనవి ఇస్తే మగతలో పడి ఊపిరి ఇంకా తగ్గింది. వీపులో వెన్నుపూసల మధ్య సన్నటి గొట్టం పెట్టి, విరిగిన పక్క తిమ్మిరెక్కే మందు పంపుదామని ప్రేమలత చెప్పింది. కట్టయ్య వద్దన్నాడు.

"మా మరదలికి కాన్పుల వీపుకు సూదేసిండ్రు. గప్పటిసంది నడుము వట్టుకొనే తిరుగుతాంది. నా బతుకే వీపు మీదున్నది డాక్టరమ్మా. దాన్నే పొడిపిచ్చుకోమంటవా?"

ఆ సూదితో నడుము పోదని ఆమె నచ్చజెప్పింది. ఎక్స్‌రే చూపించింది. బరువులెత్తే వాళ్లకు కూడా వేశామంది. చివరికి కాస్త కటువుగానే మాట్లాడింది. అతను అన్నీ విని, నొప్పేమీ లేదన్నాడు. చూడటానికి వచ్చిన తోటి హమాలీలు ఎంత ఓర్పోనని మెచ్చుకుని పోయారు. సర్జన్ కూడా అదే మాట అన్నాడు. ఓర్పును మెచ్చుకునేవాళ్లకు ఎముకలన్నీ సరిగ్గానే ఉంటాయి.

మరునాటికి మాస్కులో ఆక్సిజన్ పెంచినా రక్తంలో నిలవడం లేదు. నర్సు వెంటిలేటర్‌ను తోసుకొచ్చి మంచం పక్కన పెట్టింది. భార్య బక్కమ్మ ఆ మిషన్ వైపోసారి, మొగుడి వైపోసారి చూసింది.

"నీకంటె బర్రె నయం. దెబ్బ తాకితే అరుస్తది" అంది.

ప్రేమలత పుట్టింటివాళ్లకు హనుమకొండలో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. కొనడానికొచ్చిన గిరాకీతో వాదించి గెలిస్తే సామాను మనకే మిగులుతుందని ఆమె తండ్రి ఓంప్రకాశ్ అంటుండేవాడు. ఆమె వాదనలో తప్పు లేదు. ఆ తప్పులేని వాదన పట్టుకుని నిన్నంతా గడిపేసింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"అన్నా, బస్తా ఏడ కూసుంటది? జర చూపియ్యి."

కట్టయ్య ఎడమ చేయి లేపి మెడ కింద పెట్టాడు. అక్కణ్నుంచి రెండు భుజాలు, వెన్ను పొడుగునా కిందికి అని సైగ చేశాడు. ఆమె అతని చంక కింద, పక్కన వేలు పెట్టింది.

"మరి ఈడ?"

"గాడ ఎవడు మోస్తడు? గది చెయ్యి ఊగే జాగ."

"అయితే సూది ఈడనే ఏస్త. వీపు ముట్ట."

అతను ఎడమచేత్తో ఆ చోటు తడిమి చూసుకున్నాడు.

"ఒట్టేనా?"

"ఒట్టెందుకు? టీవీల కనవడ్తది. నువ్వే చూడు."

పక్కన వేసే సూది పుస్తకాల్లో ఉన్నదే. అలవాటూ నమ్మకమూ వీపు సూది మీద ఉండటంతో నిన్న దీని మాటే ఎత్తలేదు. అతన్ని ఎడమవైపు తిప్పి, స్కానింగ్ తెరను అతని ముఖం ముందు పెట్టించింది. తెల్లటి గీతలా సూది కండరాల పొరల మధ్యకు పోవడం అతను రెప్ప వేయకుండా చూశాడు. గొట్టం పెట్టి ప్లాస్టర్ వేశాక, వీపు తడిమి చూడమని బక్కమ్మకు చెప్పాడు. ఏమీ లేదని ఆమె చెప్పింది.

మందు పట్టాక లేపి కూర్చోబెట్టారు. బక్కమ్మ మడతపెట్టిన దుప్పటిని విరిగిన పక్కకు ఊతంగా అదిమి పట్టుకుంది. మొదటి దగ్గు భయపడుతూ వచ్చింది. నొప్పి లేకపోలేదు గానీ ఓర్చుకోగలిగేంతే. రెండోసారి గట్టిగా దగ్గాడు. తర్వాత కఫం ముద్దలు ముద్దలుగా గిన్నెలో పడింది. సాయంత్రానికి ఆక్సిజన్ నిలవడం మొదలైంది. తెల్లారాక నర్సు వెంటిలేటర్‌ను వాడకుండానే తోసుకుపోయింది.

ఆ దగ్గు ఎప్పుడు ఆగుతుందని పక్క మంచం ఆయన ప్రేమలతను అడిగాడు. ఇంకో వారం ఆగదని చెప్పి, చెవుల్లో పెట్టుకోవడానికి దూది ఇప్పించింది.