తూముకు తూర్పున పదకొండు రాళ్ళు

నా చిన్నప్పుడు నేను గీసిన మా ఊరి పటం ఇప్పటికీ మా ఊరి బడిలో, పెద్దసారు గది గోడకు వేలాడుతోంది. అద్దం పగిలింది కానీ అడుగున నా పేరు చెరగలేదు. మొన్న బడి పండుగకు అచ్చువేసిన చిన్న పుస్తకంలో ఆ పటాన్ని చూసే ఊరి చరిత్ర రాశారు. బడి కట్టకముందు ఆ స్థలం ఉత్త బీడు అని అందులో ఉంది. అది అబద్ధం. ఆ అబద్ధం నాది.

మాది మెదకు నుంచి కుల్చారం పోయే తోవలో, రోడ్డు దిగి లోపలికి నడిస్తే వచ్చే చిన్న ఊరు. చెరువు కట్ట ఎక్కితే దూరాన మెదకు చర్చి శిఖరం కనిపించేది. మాకు దిక్కులు తెలిసేది దాన్నిబట్టే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలి సంవత్సరాలవి. బడి ఇంకా పందిరి కిందే నడిచేది. ఒకరోజు సారు ఊరి పటం గీసి, ఊరు ఎట్లా పుట్టిందో రాసుకురమ్మన్నారు.

మా నాన్న ఊరికి పోలీసు పటేలు. ఆయనను అడగాలంటే నాకు భయం. అందుకని నీరటి తాత దగ్గరికి పోయాను. చెరువు తూము తెరిచి పొలాలకు నీళ్ళు పంచడం ఆయన పని. నలుగురిలో ఉన్నప్పుడు నన్ను చిన్న పటేలు అనేవాడు, మేమిద్దరమే ఉన్నప్పుడు బిడ్డా అనేవాడు.

ఆయన నాకు ఊరి గురించి నోటితో చెప్పలేదు. నా చెప్పులు విప్పించి, తలకు చుట్టుకున్న రుమాలు తీసి నా కళ్ళకు కట్టి, చెయ్యి పట్టుకుని నడిపించాడు. పాదం కింద ఏముందో నేను చెప్పాలి. పిండిలా జారితే చౌడు, చల్లగా అంటుకుంటే రేగడి, గరుకుగా గుచ్చుకుంటే చెల్క. తప్పు చెబితే మళ్ళీ మొదటికి తీసుకుపోయేవాడు. కళ్ళతో చూసినవాడు మరిచిపోతాడు, కాళ్ళతో చూసినవాడు మరవడు అని ఆయన నమ్మకం.

తూము దగ్గర నిలబెట్టి, తూర్పుకు నూట పది అంగలు వేయించాక ఆయన చెయ్యి బిగుసుకుంది. నా కాలి కింద మన్ను మెత్తగా, కొంచెం కుంగినట్టుగా ఉంది. అది ఏ మన్నో చెప్పలేకపోయాను.

"గీడ మెల్లగ అడుగెయ్యి బిడ్డా. మా అవ్వ పండుకున్నది."

కట్టు విప్పాడు. తుమ్మపొదల మధ్య పదకొండు రాళ్ళు, మోకాలెత్తు కూడా లేవు. ఆయన చంటిపిల్లవాడుగా ఉన్నప్పుడు చెరువు కట్ట పోయడానికి ఎక్కడినుంచో వచ్చిన కూలీలట ఆ రాళ్ళ కింద ఉన్నవాళ్ళు. కట్ట సగం లేచేసరికి గత్తర తగిలింది. వాంతులతో, విరేచనాలతో పదకొండు మంది పోయారు. మిగిలినవాళ్ళు పారిపోయారు. దిక్కులేని పసివాణ్ణి ఊళ్ళో ఒక ముసలమ్మ సాకింది. తల్లి ఏ రాయి కింద ఉందో ఆయనకు తెలియదు. అందుకే ఏటా పెద్దల అమావాస్యకు, పెత్రమాసకు, పదకొండు రాళ్ళకూ ముద్ద పెట్టేవాడు.

ఇంటికొచ్చి పటం గీశాను. అన్నీ గీసి, ఆ చోటికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. శవాల్ని పూడ్చే బొందలగడ్డ తొక్కిన కాలు స్నానం చేయకుండా గడప దాటితే మా నాయనమ్మ ఒప్పుకునేది కాదు. నేను అప్పటికే వంటింట్లో కూర్చుని అన్నం తినేశాను. పైగా నీరటి చెయ్యి పట్టుకుని తిరిగానని తెలిస్తే నాన్న కట్టె నా వీపు మీద విరిగేది. అక్కడ 'బీడు' అని రాశాను.

సారు మెచ్చుకుని దాన్ని పందిరి గుంజకు కట్టారు. కొన్నాళ్ళకు బడికి గదులు మంజూరై, స్థలం చూడటానికి భూముల లెక్క చూసే సర్కారు అధికారి, గిర్దావరు వచ్చాడు. పటం చూసి, బీడు మీద వేలు పెట్టాడు. దూరంగా నిలబడ్డ నీరటి తాత చేతులు కట్టుకుని, అది బీడు కాదు, అక్కడ మనుషులున్నారు అన్నాడు. గిర్దావరు పక్కనున్న మా నాన్న నవ్వాడు. "వీనికి చెర్లె చేపలు గూడ చుట్టాలే" అన్నాడు. అందరూ నవ్వారు. తుమ్మపొదల్లో రాళ్ళు లేని ఊరు ఏదని గిర్దావరు తేల్చేసి, నన్ను పిలిచాడు.

"ఏం పిలగా, తిరిగి చూసే గీసినవా? బొందలున్నయా గక్కడ?"

నాన్న నన్నే చూస్తున్నాడు. లేవు సార్ అన్నాను.

గిర్దావరు తాత వైపు తిరిగాడు. "పిలగాడు లేవంటుండు. నీతోని వచ్చి చూసిండా?"

అవునంటే చాలు. సారు నన్ను నిలదీసేవారు, నేను ఏడ్చి ఒప్పుకునేవాణ్ణి, వాళ్ళ అవ్వ ఉన్నచోటే ఉండేది. తాత మా నాన్న చేతిలోని కట్టెను చూశాడు. తరువాత నన్ను చూశాడు.

"చిన్న పటేలు అటు రాలే దొరా. నాతోని ఎన్నడు తిర్గలే."

పునాదులు తవ్వేటప్పుడు ఎముకలు బయటపడ్డాయి. తాత వాటిని, నా కళ్ళకు కట్టిన ఆ రుమాల్లోనే ఏరుకుని, చెరువు శిఖంలో, నీళ్ళు తగ్గితే తేలే నేలలో, ఒక మూల పాతిపెట్టాడు. దొరికినవి ఎందరివో ఆయనకే తెలియలేదు. ఆ వానాకాలం చెరువు నిండి ఆ మూల మునిగిపోయింది. ఆ తరువాత ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఇద్దరమే ఎదురుపడినా చిన్న పటేలా అనే పిలిచాడు. మళ్ళీ బిడ్డా అనలేదు. నేను మెదకులో చదువుకుంటుండగా పోయాడని తెలిసింది. మరునాడు పరీక్ష ఉందని నాకు నేనే చెప్పుకుని, పోలేదు.

ఇప్పటికీ ఆ బడికి పోతే గేటు దగ్గరే చెప్పులు విప్పుతాను. చదువు మీద భక్తి అనుకుంటారు పిల్లలు. గచ్చు మీద పాదానికి ఏమీ తెలియదు. పటం మీద ఆ ఒక్క మాట కొట్టేయమని పెద్దసారును అడిగితే, పుస్తకం అచ్చయిపోయింది కదా అన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. చెరువు తూము నుంచి తూర్పుగా నూట పది అంగలు, ఇప్పుడు మూడో తరగతి గది ఉన్నచోట. అక్కడ పదకొండు మంది ఉండేవారు. అందులో ఒకామె నీరటి తాత తల్లి. కొలిచేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ అంగలు పదేళ్ళ పిల్లవాడివి.