ఒకే షిఫ్టు

దుప్పటి మడవడం ఇద్దరి పని. చెరో అంచు పట్టుకుని వెనక్కి జరగాలి, బిగలాగి ఒక్క దులుపు దులపాలి, ఎదురెదురుగా నడిచొచ్చి అంచులు కలపాలి. అంచులు కలిసినప్పుడు మొహాలూ దగ్గరికొస్తాయి. ఆసుపత్రి నేలమాళిగలో ఉన్న ఆ లాండ్రీలో యంత్రాల హోరుకి పక్కమనిషి అరిచినా వినపడదు కాబట్టి, అక్కడి ఆడవాళ్ల కబుర్లన్నీ ఆ కాస్త సేపట్లోనే. ప్రశ్న ఈ దుప్పటికి, జవాబు తర్వాతి దుప్పటికి.

అక్కాచెల్లెళ్లిద్దరూ అక్కడ జోడీ. పెద్దామెను లాండ్రీ అంతా ‘అక్కా’ అనే పిలుస్తుంది, ఆమెకన్నా పెద్దవాళ్లతో సహా. చిన్నదాని పేరు రేడియో. దుప్పటి సగం దూరంలో ఉండగానే వాగుడు మొదలుపెట్టేది మరి.

ఆ రేడియో మూగబోయిన సంగతి అక్కకి ముందు చెవికి కాదు, చేతికి తెలిసింది. ఇటు లాగితే అటు అంచు వదులుగా వచ్చేస్తోంది.

“గట్టిగా పట్టుకోవే.”

“పట్టుకున్నాను.”

“ఏమైంది నీకు?”

తర్వాతి దుప్పటికి జవాబొచ్చింది. “ఏం లేదు.”

పక్క బల్ల మీద దిండు గలీబులు సర్దే పెద్దావిడ అక్క చెవి దగ్గరికి వంగి నవ్వింది. “ఏంటక్కా, రేడియోకి బ్యాటరీలు అయిపోయాయా?” అక్క కూడా నవ్వేసింది. అలసటే అనుకుంది. అలసట లేనిది అక్కడ ఎవరికి గనక.

ఇంట్లో చూస్తే అలసట కాదని తేలింది. చెల్లెలు అక్కాబావలతోనే ఉంటుంది. వీధి గది ఆమెది. పనికి బయల్దేరే వేళకి ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని మంచం అంచున కూర్చునుండేది. జుట్టు దువ్వుకోదు. పళ్లెంలో అన్నం కెలికి వదిలేస్తుంది. అక్క మొగుడు వ్యాను నడుపుతాడు. మరదలిని ఆటపట్టించకపోతే అతనికి ముద్ద దిగదు.

“ఏం మరదలా, మౌనవ్రతమా? చెప్పి చెయ్యొచ్చుగా, నా చెవులకి సెలవిచ్చేవాణ్ణి” అన్నాడు ఒకరోజు.

పిల్ల తలెత్తి చూసింది. “నాకు లేవాలని లేదు బావా” అంది, అంతే. మళ్లీ అతను హాస్యమాడలేదు. “రేపే ఎవరికైనా చూపించు” అన్నాడు పెళ్లాంతో.

చూపించడానికి ఊరంతా తిరగక్కర్లేదు. వాళ్లు మడిచే దుప్పట్లు ఏ మంచాల మీద పరుస్తారో, ఆ ఆసుపత్రిలోనే పైన మనసు డాక్టరమ్మ ఉంది. ఆమె గది బయట గోడ మీద ఒక బొమ్మ: ఎండలో పచ్చిక మీద నవ్వుతూ నడుస్తున్న ఆడమనిషి, కింద ‘మీ మనసును మీరే కాపాడుకోండి’ అని అందమైన అక్షరాలు. ఎండలో నడవమని పైన గోడ మీద బొమ్మ పెట్టిన ఆసుపత్రే కింద ఆడవాళ్లని కిటికీ లేని చోట పెట్టింది. ఆ గోడకీ ఈ నేలమాళిగకీ మధ్య ఒక్క లిఫ్టే ఉంది గానీ, ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు.

డాక్టరమ్మ మంచిదే. విసుక్కోకుండా విన్నది. మాత్రలు రాసింది. “వీటితో పాటు అలవాట్లు కూడా ముఖ్యం. రోజూ ఒకే వేళకి పడుకుని ఒకే వేళకి లేవాలి. పొద్దున కాస్త ఎండలో నడవాలి. వేళకి తినాలి. మనసులో మాట చెప్పుకోవడానికి దగ్గర మనిషి ఉండాలి” అంది.

“తిండి, నడక నేను చూసుకుంటానమ్మా. మాటలంటారా, మాకు దుప్పట్లున్నాయి” అంది అక్క. డాక్టరమ్మకి అర్థం కాలేదు. “నిద్రే కుదరదు. మాకు షిఫ్టు వారం వారం మారుతుంది. ఒక వారం పొద్దున, ఒక వారం రాత్రి, ఒక వారం మధ్యాహ్నం.”

డాక్టరమ్మ కలం ఆగింది. “నేను చెప్పి చూడనా?”

“మేం ఆసుపత్రి మనుషులం కాదు, కాంట్రాక్టరు మనుషులం. మీ మాట కింద చెల్లదమ్మా.”

“అయితే మీరే అడగండి. ఒకే షిఫ్టు వెయ్యమనండి.”

అది పొద్దుటి షిఫ్టు వారం. పని దిగగానే అక్క చెల్లెల్ని ప్రహరీ గోడ వెంట నడిపించేది, ఎండ దిగేదాకా. పక్కన కూర్చుని తినిపించేది. దీపం ఒకే వేళకి ఆర్పేసేది. వారం చివర్లో ఒక దుప్పటి దగ్గర అంచు బిగిసింది. అంచులు కలిసినప్పుడు చెల్లెలు గొణిగింది. “ఆ సూపర్వైజరు మీసం చూడవే, చీపురు తిరగేసినట్టు లేదూ?” అక్క నవ్వాపుకోలేక దుప్పటి జారవిడిచింది. రేడియోకి స్టేషను దొరికింది.

మరుసటి వారం రాత్రి షిఫ్టు పడింది. పగలు చీకటి చేసుకుని పడుకున్నా పిల్ల కళ్లు మూతపడలేదు. వారం పాటు పేర్చినదంతా రెండు రోజుల్లో కూలింది. అంచు మళ్లీ వదులైంది.

అక్క సూపర్వైజరు దగ్గరికి బయల్దేరింది. గలీబులావిడ చెయ్యి పట్టుకు ఆపింది. “మనసని చెప్పకు తల్లీ, నడుమని చెప్పు. నడుముకైతే జాలి పడతారు. మనసంటే మన పొగరనుకుంటారు.”

అక్క అబద్ధమాడలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. సూపర్వైజరు కళ్లు కూడా నిద్ర లేక ఉబ్బే ఉన్నాయి.

“మనసు బాగోలేదా? నాకు మాత్రం బాగుందని ఎవరు చెప్పారక్కా? అందరికీ మనసులుంటే బట్టలెవరుతుకుతారు?”

“అది వేరు సార్. దానికి వేళ మారకూడదట. దయచేసి మా చెల్లికి ఒకే షిఫ్టు వెయ్యండి. ఇంకేం అడగను.”

“ఒకే షిఫ్టు. అంతేనా?”

“అంతే సార్.”

“సరే చూస్తాలే. నీ మొహం చూసి.”

ఆ మాటకి అక్క మెట్ల మీదే ఏడ్చింది, సంతోషంతో.

వారం మారింది. గోడ మీద బోర్డులో చెల్లెలి పేరు అన్ని వారాలకీ ఒకే గడిలో ఉంది. ఇక మారదు. రాత్రి షిఫ్టు. అక్క పేరు మాత్రం ఎప్పటిలా వారం వారం తిరుగుతోంది.

అక్క పరుగున వెళ్లింది. “ఇదేంటి సార్?”

“ఏంటంటావేంటి? ఒకే షిఫ్టు అడిగావా లేదా? ఎవరికీ చెయ్యనిది నీకు చేశాను.” అతని గొంతులో వెటకారం లేదు. మేలు చేశాననే నమ్ముతున్నాడు.

“పగలనుకున్నాను సార్. మేమిద్దరం కలిసి అనుకున్నాను.”

“అనుకుంటే నాకెలా తెలుస్తుంది? పగలు అందరికీ కావాలి. ఎవరి పగలు కోసి మీకివ్వను, నువ్వే చెప్పు.”

అక్క గలీబులావిడ తన వంతు ఇస్తుందేమోనని అటు చూసింది. ఆవిడ తల వంచుకుంది. “నాకూ నిద్ర పట్టక ఏళ్లయిందమ్మా. నేనెవర్నీ అడగలేదు, అంతే” అంది. అందులో ఆవిడ తప్పేం లేదు. మనుషులకి సరిపడా పగళ్లు లేకుండా పని పంచిన కాంట్రాక్టరు ఆ గదిలో లేడు. ఎప్పుడూ రాడు. వాళ్లలో వాళ్లు ఒకరి నిద్ర ఒకరు అడుక్కోవాలి. అందరం కలిసి వెళ్లి అడుగుదామని అక్క ఒక్కొక్కర్నీ కదిపి చూసింది. కాంట్రాక్టు తిరగరాసే నెలలో నోరెత్తితే మొదట ఊడేది నోరెత్తినవాళ్లేనన్నారు. మానేద్దామంటే చెల్లెలి మాత్రలు కొనేది ఆ జీతంతోనే.

డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళితే మాత్ర మోతాదు పెంచింది. తల దించుకునే రాసింది.

అక్క పొద్దుటి షిఫ్టుకి వచ్చేసరికి చెల్లెలు రాత్రి పని దిగుతూ ఎదురుపడుతుంది. ఇద్దరికీ మిగిలింది యంత్రాలు కాసేపు ఆగే ఆ మలుపే. ఒకరోజు బల్ల మీద మడవని దుప్పటి ఒకటి మిగిలి ఉంటే అక్క గబగబా అంచందుకుంది. “రావే, ఇదొక్కటీ మడిచి పో.”

చెల్లెలు అవతలి అంచు పట్టుకుంది. అక్క లాగలేదు. లాగితే చేతిలోంచి జారిపోయేలా ఉంది.

“నిద్ర పడుతోందా?”

“డాక్టరమ్మ చెప్పినట్టే అక్కా. రోజూ ఒకే వేళకి పడుకుంటున్నాను.”

అది ఎగతాళో కాదో అక్కకి తెలియలేదు. ఎగతాళి అయితే బావుండునని ఆ మొహం వంక చూసింది. అక్కడేమీ దొరకలేదు. అంచులు కలపాల్సిన వేళ చెల్లెలు నిలబడినచోటే నిలబడి ఉంది. దుప్పటి నడుమ నేలకి వేలాడుతోంది. రెండువైపుల దూరమూ అక్కే నడిచి, అంచులు రెండూ తన చేతిలోకే తీసుకుంది. ఏదో అడగబోయింది. వెనక యంత్రం మొదలైంది.