మూత తీసి మామను పిలిచాను

నడుముల్లోతు నీళ్లలో బోటు ముంచడం అందరికీ చేతకాదు. నేను ముంచాను. అదీ మా అత్తగారి తరఫు వాళ్లందరినీ అందులో కూర్చోబెట్టుకుని.

ఎమ్మిగనూరు దగ్గరి రిజర్వాయరులో తిప్పడానికి ఆదోని సేటు ఒకాయన జెట్ బోటు తెచ్చాడు. దానికి బయట తిరిగే రెక్కలుండవు. అడుగు నుంచి నీళ్లు పీల్చి వెనక చిమ్ముతుంది, ఆ తోపుకు ముందుకు పోతుంది. ఆ ఆదివారం ఒక్క రౌండు సవ్యంగా తిప్పి చూపిస్తే డ్రైవరు ఉద్యోగం నాదే అన్నాడు. అప్పటిదాకా నేను పత్తిమిల్లులో మిషన్లు చూసేవాణ్ణి. ఒక్క రౌండేగా! పెద్దకడుబూరు నుంచి మామను, అత్తను, బావమరుదులను పిలిపించాను. నా గొప్ప అయినవాళ్లు చూడకపోతే అదేం గొప్ప, మీరే చెప్పండి.

మామ లైఫ్ జాకెట్ మీద టవలు వేసుకుని, అత్త బొరుగులతో చేసి మూత బిగించి ఇచ్చిన ఉగ్గాని డబ్బా ఒళ్లో పెట్టుకుని, పెళ్లిపెద్దలా కూర్చున్నాడు. సగం దూరం బోటు గుర్రంలా ఉరికింది. తర్వాత ఇంజను రొద పెరిగింది, బోటు మాత్రం కదల్లేదు.

“ఏమప్పా, అరుస్తాంది గానీ పోతాలేదే?” అన్నాడు మామ.

“నాచు చుట్టుకునింది మామా. మిల్లులో ఇట్లాంటివి ఎన్ని పీకినానో. కూసోండి.”

ఇలాంటప్పుడు ఏం చేయాలో నాకు బోటు నడపడం నేర్పినాయన ముందే చెప్పాడు. ఇంజను ఆపాలి. జనాన్ని ముందువైపు పంపాలి. ఆ తర్వాతే వెనక, నీళ్లు పీల్చే గొట్టం మీదున్న మూత విప్పి చేయి పెట్టాలి. వెనక బరువుంటే ఆ రంధ్రం నీటిమట్టం కిందికి దిగిపోతుంది. నేను ఇంజను ఆపాను. మూత విప్పాను. మధ్యలోది గుర్తుకు రాలేదు.

భుజం దాకా చేయి పెట్టి లాగితే నాచు జడలు జడలుగా వచ్చింది. దాని వెనకే ఎవరిదో పాత పంచె. మిల్లులో ఇరుక్కున్నదేదైనా తీస్తే చుట్టూ చేరి మెచ్చుకునేవాళ్లు. ఆ రుచి మరిగిన నోరు ఊరుకోలేదు. “మామా, అందరూ ఈడికి రాండి. ఏం బయటపడిందో సూడండి” అని కేక వేశాను.

మా వైపు బస్సు ఆగితే డ్రైవరు కంటే ముందు ప్రయాణికులే దిగి ఇంజనులోకి తొంగిచూస్తారు. పిలిస్తే రాకుండా ఉంటారా? అందరూ వచ్చి వంగారు. అట్లా లాగు, ఇట్లా తిప్పు అని తలా ఒక సలహా. బోటు ముక్కు మెల్లగా ఆకాశం వైపు లేచింది.

మామ తన పాదాల వైపు చూసుకున్నాడు. “అల్లుడా, నీళ్లు బయట గదా ఉండాల్సింది?”

“బోటు కడుక్కుంటాంది మామా” అన్నాను.

కడుక్కోవడం మోకాళ్ల దాకా వచ్చింది. మూత కోసం వెతికితే దాని మీద అత్త నిలబడి ఉంది. అత్తగారిని జరగమనడానికి మర్యాదైన మాట వెతుక్కునేలోపు బోటు వెనకభాగం నేలకు ఆనింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. నీళ్లలో వరుసగా నడుచుకుంటూ ఒడ్డుకు చేరాం. మాకంటే ముందు ఉగ్గాని డబ్బా తేలుతూ సేటు దగ్గరికి పోయింది. ఆయన దాన్ని తెరిచి లోపలికి చూస్తున్నాడు. తప్పు నాచు మీదికి నెడదామని గొంతు సవరించుకున్నాను గానీ, నేను అందరినీ పిలిచిన కేక ఒడ్డు దాకా వినిపించిందట.

“ఈ డబ్బా మూత ఎవరు పెట్టినారప్పా? లోపల సుక్క నీళ్లు ల్యా” అన్నాడు సేటు.

“మా అత్త.”

“రేపట్నుంచి ఆమెను పంపు.”

అందుకే ఆ ఉగ్గాని డబ్బా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ మూత విప్పినా చూడమని ఎవరినీ పిలవను. ఇంట్లో కుక్కర్ మూత తీయాలన్నా ముందు అందరినీ ముందుగదిలోకి పంపుతున్నాను. అత్త వచ్చి ఉంటే మాత్రం, ముందుగదిలోకి పోయేది నేనే.