సులైబియా గోడౌన్ నుంచి లండన్ పార్లమెంటు దాకా

కువైట్‌లో ఆరేళ్ళుగా ఉంటున్నా, సాల్మియా సముద్రపు ఒడ్డు, నాలుగు మాల్స్ తప్ప నేను చూసిందేమీ లేదు. మొన్న వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. కోరంగి రేవు నుంచి బయల్దేరిన ఒక గుమాస్తా పంతొమ్మిదో శతాబ్దంలో సొంత ఓడలు కొని, లండన్ పార్లమెంటుకు మెంబరుగా గెలిచే నాటకమట. కథ కల్పితం, నటులంతా ఇక్కడ పనిచేసే మనవాళ్ళు, ప్రవేశం ఉచితం. నాటకాల పిచ్చి ఉన్నదాన్ని, ఆగుతానా! ఆఖరి రిహార్సల్ కూడా చూస్తానని అడిగి మరీ బయల్దేరాను.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి టాక్సీ ఎక్కితే నలభై నిమిషాల్లో సులైబియా చేరాను, ఐదు దీనార్లు తీసుకున్నాడు. రిహార్సల్ ఒక గోడౌన్లో. సామాన్ల కింద వేసే చెక్కలతోనే పార్లమెంటు బెంచీలు చేశారు. డైరెక్టరు మస్తాన్ గారిది రాయచోటి, ఆ గోడౌన్లోనే స్టోర్‌కీపరు. హీరో సత్తిబాబు గారిది అమలాపురం దగ్గర పల్లె, జహ్రాలో ఒక కువైటీ ఇంటి డ్రైవరు.

చిక్కంతా ఒక్క సీన్లోనే ఉంది. ఒకప్పుడు తనను గుమ్మం ముందు నిలబెట్టిన దొర సభలోకి వస్తాడు, అందరూ లేస్తారు, కొత్త మెంబరు మాత్రం లేవకూడదు. సత్తిబాబు గారేమో దొర అడుగు పడగానే లేచి నిలబడుతున్నారు!

"మళ్ళీ లేస్తివే! నువ్విప్పుడు డ్రైవరు కాదప్పా, మెంబరువి. కూచో!" అని మస్తాన్ గారు తల పట్టుకున్నారు.

"పదేళ్ళ అలవాటండీ బాబూ. మా బాబా గదిలోకొచ్చేరంటే బుర్ర కంటే ముందు కాళ్ళు లేచిపోతాయండి," అన్నారు సత్తిబాబు గారు. బాబా అంటే ఆయన యజమాని. ఐదుసార్లు చేస్తే ఐదుసార్లూ లేచారు. నాకు నవ్వొచ్చింది, తర్వాత సాయంత్రం నాటకంలోనూ ఇలాగే లేస్తారేమోనని భయమేసింది.

బెంచీలతో పాటు నన్నూ వ్యాన్‌లో నాటకం జరిగే అబ్బాసియా తీసుకెళ్ళారు. మెస్సులో ఒకటింబావు దీనారుకు కడుపునిండా చేపల పులుసు అన్నం తిని, స్కూలు హాల్లో కూర్చున్నాం. నాలుగింటి నాటకం, మన సంప్రదాయం ప్రకారం ఐదింటికి మొదలైంది. సత్తిబాబు గారికి సెలవు ఆరింటి వరకే.

ఆరు దాటాక, సరిగ్గా ఆ సీన్ నడుస్తుండగా హాలు తలుపు తెరుచుకుంది. కువైటీలు వేసుకునే తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషాలో ఒక పెద్దాయన. "బాబా వచ్చినాడు. ఇంగ పిల్చుకపోతాడు, ఖలాస్," అని నా పక్కనున్న మస్తాన్ గారు గొణిగారు. స్టేజీ మీద అదే క్షణంలో దొర వచ్చాడు, అందరూ లేచారు. సత్తిబాబు గారి చూపు తలుపు మీద పడింది. మడమలు పైకి లేచాయి. మడమలు మళ్ళీ నేలకు ఆనాయి.

"దొరగారూ, నిన్న మీ గుమ్మం ముందు నిలబడ్డవాణ్ణి నేనే. ఇవాళ నన్నిక్కడ కూర్చోబెట్టింది ఓటేసిన జనం. లేవమని వాళ్ళు చెప్పాలి!"

హాలు దద్దరిల్లింది. "వన్స్ మోర్!" అని అరిచినవాళ్ళలో నా గొంతే పెద్దదేమో. ఆయన కూర్చునే రెండోసారి చెప్పారు, ఈసారి చివరి వరస దాకా వినపడేలా. బాబా ఎవరో వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆఖరి దాకా చూశారు.

"ఆయన కనబడ్డారా మీకు?" అని తర్వాత సత్తిబాబు గారిని అడిగాను.

"ఆయ్, కనబడ్డారండి. కానండీ, అప్పుడు నేను మెంబర్నండి!"

బస్సులో మూడు వందల ఫిల్సుకు ఇంటికి తిరిగొస్తూ నా సంగతి ఆలోచించాను. మా మేనేజరు గదిలోకొస్తే నేనూ చేతిలో పని వదిలేసి లేస్తాను. ఎందుకు లేస్తున్నానో ఏనాడూ నన్ను నేను అడగలేదు. చెక్క బెంచీ మీద కదలకుండా కూర్చోవడంలో ఇంత గెలుపు ఉంటుందని ఆ రోజే చూశాను. చాలా గర్వంగా అనిపించింది. మీరూ ఇలాంటి నాటకానికి వెళ్తే ఒక్క జాగ్రత్త: తిరుగు టాక్సీని నాటకం ముగుస్తుందని చెప్పిన టైము కంటే గంటన్నర ఆలస్యంగా రమ్మనండి. గంట మనవాళ్ళు ఆలస్యంగా మొదలుపెట్టినందుకు, అరగంట మీరు వన్స్ మోర్ అని అరిచినందుకు.