బెల్టు లేని ప్లేయరు

మా అక్క పోయాక నాకు మిగిలిన తెలివి ఒక్కటే, బేరమాడడం. అన్నం రుచి తెలిసేది కాదు. ఎవరైనా పలకరిస్తే ఏం బదులు చెప్పానో గుర్తుండేది కాదు. కానీ దినానికి అరిటాకులు తెచ్చినవాడితో మాత్రం, కట్టలో చినిగినవెన్నో చూపించి గీచిగీచి తగ్గించాను. వాడు నా ముఖం చూసి, "సావింట్లో గూడా బేరమేనా అప్పా!" అన్నాడు. ఎందుకు కాకూడదో నాకు తట్టలేదు. అంగళ్ల మధ్య పెరిగినవాడికి ఒళ్లంతా మొద్దుబారినా నాలుక చివర కొంచెం ప్రాణం ఉంటుంది.

పుంగనూరులో మా నాయనది తవుడు, పిండిచెక్క, పశువుల తాళ్లు అమ్మే అంగడి. నేను మదనపల్లెలో మా ఇంటి వసారాలోనే పాటల అంగడి పెట్టాను. ఎనభైల మొదట్లో అది మంచి వ్యాపారం. రికార్డుల మీది పాటల్లో ఎవరికి కావలసినవి వాళ్లకు ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించి ఇవ్వాలి. అందుకు కావలసినవి ఒక టేపురికార్డరు, ఒక రికార్డుప్లేయరు, ఇంకా "రేపు రా అప్పా" అని నవ్వుతూ చెప్పగలిగే నోరు.

నా ప్లేయరులో మోటారు పక్కన ఉండేది. సన్నటి రబ్బరు బెల్టు ఒకటి దాన్నుంచి, రికార్డు పెట్టే పళ్లేన్ని తిప్పేది. ఒకరోజు ఆ బెల్టు తెగింది. కొత్తది బెంగళూరు నుంచి రావాలి. చెప్పిన ధర విని, పళ్లెం చేత్తో తిప్పుకుంటానుగానీ అంత ఇవ్వనన్నాను. పెళ్లయిన కొన్నాళ్లకే మొగుణ్ణి పోగొట్టుకుని మా ఇంటికి వచ్చేసిన అక్క రవికెలు కుట్టేది. లంగాలకు వేసే ఎలాస్టిక్ ముక్క తీసి, కొలత చూసి, గుండ్రంగా కుట్టి ఇచ్చింది.

"కొత్తది వచ్చేదాకా ఆడనీలేరా," అంది.

ఊరికే వచ్చింది తిరుగుతూ ఉంటే కొత్తది తెప్పించే రకమా నేను? అదే ఉండిపోయింది. ఎలాస్టిక్ జారేది కాబట్టి పాట కొంచెం నిదానంగా, కొంచెం లావు గొంతుతో వచ్చేది. ఎలాస్టిక్‌కు వేసిన కుట్టు మోటారు మీదికి వచ్చినప్పుడల్లా పాట ఒక గుటక మింగేది.

అక్క ఆ ప్లేయరు ముందు కూర్చునే మా వీధి ఆడపిల్లలకు హారతి పాటలు, పెళ్లి పాటలు నేర్పింది. నా భార్యా అక్కడే నేర్చుకుంది. అందరూ ఆ నిదానంతోనే నేర్చుకున్నారు. గుటక కూడా పాటలో భాగమే అనుకున్నారు. ఎక్కడ మింగాలన్నది మాత్రం ఎవరిష్టం వారిది. ఒక పెళ్లిలో అవతలివాళ్లు అదే హారతి పాట ఎత్తుకున్నారు. వాళ్లు ముగించి హారతి పళ్లెం కింద పెట్టేసరికి మనవాళ్లు ఇంకా రెండో చరణంలో గుటకలు మింగుతున్నారు.

"ఏం వదినా, మీ వీదిలో పాటలకు గూడా నిద్దరొస్తాదా?" అని ఒకామె ఎగతాళి చేసింది.

"మీకేమన్నా బస్సు తప్పిపోతాండాదా తల్లీ? యాల ఆ పరుగు?" అంది అక్క.

వానాకాలంలో అక్కకు కామెర్లు వచ్చాయి. పసరు మందు పోయించాం, తరువాత ఆసుపత్రిలో చేర్చాం. బతకలేదు. నేను ఏడవలేదు. ఏడుపు ఎక్కడో ఆగి ఉందనీ, వస్తుందనీ ఇంట్లో అందరూ నన్ను వేడి నీళ్ల కాగును చూసినట్టు చూస్తుండేవారు. మూత కూడా కదల్లేదు.

అంతలో బస్టాండు దగ్గర ఇంకొకడు పాటల అంగడి తెరిచాడు. వాడి మిషను సరైన వేగంతో తిరిగేది. నా దగ్గర ఎక్కించుకున్న క్యాసెట్టును ఒక ఆసామి తెచ్చి బల్లమీద పెట్టి, "పాడేటోనికి జొరమొచ్చినట్టుండాది. ముందు వానికి కషాయం పట్టించప్పా" అన్నాడు. వెనకటి రోజులైతే ఏదో ఒకటి చెప్పి పంపేవాణ్ణి. ఆ రోజు క్యాసెట్టు వెనక్కి తీసుకున్నాను. ఇట్లాగే పోతే అంగడి ఉండదని నాకు తెలుసు. ప్లేయరు మారిస్తే అక్క పాడిన నిదానం ఇక ఎక్కడా వినబడదని కూడా తెలుసు. రెండూ తెలిసి, రెండింటికీ ఏమీ అనిపించక కూర్చున్నాను.

కుప్పంలో మైకుసెట్లు బాడుగకిచ్చే ఒక పెద్దాయన దగ్గర బెల్టే లేని ప్లేయరు ఉందని విన్నాను. జపాను సరుకు. మోటారు నేరుగా పళ్లెం కిందే ఉంటుంది. మన కరెంటుకు సరిపోయేట్టు ఆయనే లోపల మార్చి, ముల్లుండే చెయ్యి విరిగితే అది తీసేసి వేరే సెట్టు చెయ్యి బిగించాడట. పాతది తెస్తే మారకం వేసుకుంటానన్నాడట. నా ప్లేయరును, పెట్టి వినడానికి హారతి పాటల రికార్డును గోనెసంచిలో కట్టుకుని బస్సెక్కాను.

పుంగనూరులో దిగి నాయనను చూశాను. ఆయన తవుడు తూకం వేస్తున్నాడు. సంచి వంక చూశాడు గానీ అందులో ఏముందని అడగలేదు.

"బేరానికి పోయేటోని మొగమేనా ఇది?" అన్నాడు. "నిన్ను జూస్తే ఎనుమును గూడా ఊరికే తోలిచ్చేట్టుండావు."

"ఊరికే ఇస్తే తీసుకుంటాలే నాయనా."

నవ్వలేదు. భుజం మీది తువ్వాలు తీసి నా మీద వేశాడు. "ఆ కుప్పమాయప్ప మన సంతలో ఎద్దులమ్మినోడు. నోటితో బేరమాడడు. చెయ్యి జాగర్త."

సంతలో ఎద్దుల బేరం తువ్వాలు కింద జరుగుతుంది. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. నోళ్లు వానల గురించి మాట్లాడుతుంటాయి, వేళ్లు కొట్లాడుకుంటుంటాయి. నచ్చకపోతే వేళ్లు విదిలించుకోవాలి. అవతలివాడు చెప్పిన వేళ్లను అట్లాగే పట్టుకుని వదలకపోతే బేరం కుదిరినట్టే. తర్వాత కాదనడం సంతలో లేదు. చిన్నప్పుడు నాయన పక్కన నిలబడి నేర్చుకున్న ఈ విద్యలో నన్ను మించినవాడు లేడని నాకు గట్టి నమ్మకం.

కుప్పం పెద్దాయన లౌడుస్పీకర్ల మధ్య ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. మాటలో అరవం కలుస్తుంది. నా సంచి విప్పి, పళ్లెం ఎత్తి, ఎలాస్టిక్ చూసి, "ఇదెవురు కుట్టినారప్పా?" అన్నాడు.

"ఇంట్లోవాళ్లు," అన్నాను.

"కుట్టు బాగుండాది. పాటే బాగుండదు."

ఆయన మిషను వంక చూస్తూ నేను ముఖం చిట్లించాను. "చెయ్యొక సెట్టుది, ఒళ్లొక సెట్టుది. అతుకులేసిన బొంత మాదిరుండాది గదా పెద్దాయనా."

"బొంత కప్పుకుంటే తెలుస్తాది, సూస్తే యేం తెలుస్తాది?" అంటూ చెయ్యి చాపాడు. నాయన తువ్వాలు పైన కప్పాను.

ఆయన వేళ్లు పట్టాడు. విదిలించాను. నేను పట్టాను, ఆయన విదిలించాడు. వేరుశెనగ ఊడలు ఈసారి భూమిలోకి దిగలేదని చెప్పుకుంటున్నాం. నా చెయ్యి నాకంటే బాగా పని చేస్తోంది. ఆయన కొంచెం దిగాడు కూడా. ఇంకో పట్టు పడితే నా ధరకు వచ్చేవాడే.

"ముందు వినప్పా," అని ఎడమచేత్తో, నేను తెచ్చిన హారతి పాటల రికార్డునే పెట్టాడు.

పాట చురుగ్గా, శుభ్రంగా వచ్చింది. నాకు తెలిసిన పాట కాదది. ఎవరో పరాయి ఇంటి ఆడమనిషి, పనులు చాలా ఉన్న మనిషి, పాడుతున్నట్టుంది. బాగుందని తలాడించాను. లోపల ఏమీ లేదు.

"వేగం తగ్గించుకోవాలన్నా అయితాది, ఇది సూడు," అంటూ పళ్లెం పక్కనున్న చిన్న మీటను కిందికి జరిపాడు. గొంతు మెల్లగా లావెక్కింది. పాట నిదానించింది. మీట అడుగుకు వచ్చేసరికి, మా ఇంటి వసారా, రవికె గుడ్డల మధ్య కూర్చున్న మా అక్క.

ఎంతసేపు విన్నానో తెలియదు. పాట అయిపోయి ముల్లు గరగరమంటోంది. చూసుకుంటే పెద్దాయన వేళ్లు నా గుప్పిట్లో ఉన్నాయి. ఆయన చెప్పిన వేళ్లే. మధ్యలో ఆయన మళ్లీ ధరలో పైకి వెళ్లాడట, నేను విదిలించనేలేదు.

"కుదిరింది గదప్పా," అన్నాడు. అని తువ్వాలు తీయడానికి పోలేదు. నేను వదిలేదాకా చెయ్యి అట్లాగే ఉంచాడు.

పాత ప్లేయరు ఆయన దగ్గరే ఉండిపోయింది. వచ్చేటప్పుడు బస్సు పుంగనూరులో ఆగినా నేను దిగలేదు. తువ్వాలు ఎట్లా పనికొచ్చిందని నాయన అడిగితే చెప్పుకోవడానికేముంది?

ఇంటికొచ్చి మిషను బల్లమీద పెట్టాను. నా భార్య వచ్చి చుట్టూ తిరిగి చూసింది.

"ఎంతకు దిగొచ్చినాడు?"

"ఎక్కినాడు."

ముందు నమ్మలేదు. తర్వాత నా ముఖం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మీరా? అడిగినకాడికంటే ఎక్కువిచ్చి వచ్చినారా? అరిటాకులాయన వింటే ఊరంతా టముకేస్తాడు!" ఆ ఇంట్లో నవ్వు విని చాలా రోజులైందని గమనించాను. గమనించానంతే.

రికార్డు పెట్టాను, సరైన వేగంతోనే. ఇకపై అంగడిలో అట్లాగే తిరగాలి గదా. ఆమె వంటింట్లోకి పోతూ ఆగి, "ఎవురో తరుముతాండేట్టుండాది. కొంచెం నిమ్మళం చెయ్యండి," అంది.

మీట అడుగుకు జరిపాను. నిదానం వచ్చింది, లావు గొంతు వచ్చింది. గుటక మాత్రం రాలేదు. ఈ మిషనుకు బెల్టు లేదు, కుట్టు లేదు, ఇక రాదు. పెద్దాయనతో బేరంలో ఈ సంగతి ముందే తట్టి ఉంటే ఎంత తగ్గించేవాణ్ణో అనుకుంటూ కూర్చున్నాను.

రెండో చరణానికి వంటింట్లోంచి ఆమె అందుకుంది. ఆకుకూర కాడలు తుంచుతూ, పాట వెంబడి, తన ధ్యాసలో తాను. చరణం మధ్యలో ఒకచోట, మిషను ఆగకుండా పోతున్నా, ఆమె ఆగి ఒక గుటక మింగి, మళ్లీ కలుపుకుంది.

నేను నాయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. తవుడు వాసన వేసింది.